కీబోర్డులో ఏ కీ పనిచేస్తోంది, ఏది మొరాయిస్తోంది: మొదటి నుంచి చివరి దాకా చెక్ చేసే పద్ధతి

ఒక కీ నొక్కితే అక్షరం పడలేదు. వెంటనే వచ్చే ఆలోచన, కీబోర్డు పోయింది, కొత్తది కొనాలి అని. కాస్త ఆగండి. "కీ పనిచెయ్యట్లేదు" అనే మాట వెనక కనీసం నాలుగు వేరువేరు సమస్యలు ఉండొచ్చు. కీ కింద స్విచ్ సరిగ్గా కలవకపోవచ్చు. కలిసినా ఆ సంకేతం కంప్యూటర్ దాకా చేరకపోవచ్చు. చేరినా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. పట్టించుకున్నా ఇంకో అక్షరంగా అర్థం చేసుకోవచ్చు. మొదటి రెండూ హార్డ్‌వేర్ గొడవలు, తర్వాతి రెండూ ఉత్త సెట్టింగులు, పైసా ఖర్చు లేకుండా పోయేవి. టెస్ట్ చెయ్యడమంటే తప్పు ఈ నాలుగింటిలో ఎక్కడుందో తేల్చుకోవడం. కీలన్నీ టకటకా నొక్కుకుంటూ పోవడం అందులో ఒక భాగం మాత్రమే.

కీ నొక్కితే లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోయినా టెస్ట్ చెయ్యొచ్చు గానీ, వచ్చిన ఫలితం చదవడం రాదు. అందుకే ముందు ఇది.

పెద్ద సైజు కీబోర్డులో 104 కీలుంటాయి, కొన్ని లేఅవుట్లలో 105. వాటికి 104 వైర్లు ఉండవు. గళ్ళ కాగితంలో లాగా కొన్ని అడ్డ గీతలు, కొన్ని నిలువు గీతలు ఉంటాయి, ప్రతి కీ ఒక అడ్డ గీతని ఒక నిలువు గీతతో కలుపుతుంది. లోపలున్న కంట్రోలర్ చిప్ ఈ గీతల్ని క్షణం తీరిక లేకుండా వరసగా చెక్ చేస్తూ, ఎక్కడ కలిశాయో చూసి, ఆ కీ నంబరు కంప్యూటర్‌కి పంపిస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఒక గీత తెగితే దాని మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి. రెండోది, కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఫలానా స్థానంలో ఉన్న కీ నొక్కారు అనే నంబరు. దానికి ఏ అక్షరం వెయ్యాలో నిర్ణయించేది కంప్యూటర్‌లో పెట్టుకున్న లేఅవుట్. ఫ్రెంచ్ లేఅవుట్ పెట్టి చూడండి, క్యూ కీ నొక్కితే ఎ పడుతుంది. కీబోర్డుకి ఏ రోగమూ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. లోహపు కాంటాక్టులు కలిసేటప్పుడు ఒక్క దెబ్బకి కలవవు, కొద్ది మిల్లీసెకన్ల పాటు కలుస్తూ విడిపోతూ వణుకుతాయి. ఆ వణుకంతా వేరువేరు నొక్కుళ్ళుగా లెక్కపెట్టకుండా కంట్రోలర్ కాస్త ఆగి చూస్తుంది, దీన్ని డీబౌన్స్ అంటారు. చాలా మెకానికల్ కీబోర్డుల్లో, అంటే ప్రతి కీకీ విడి స్విచ్ ఉన్నవాటిలో, కంట్రోలర్ చిప్‌ని నడిపే ప్రోగ్రాంగా ఉండే క్యూఎంకే ఫర్మ్‌వేర్‌లో ఈ సమయం మామూలుగా 5 మిల్లీసెకన్లు. స్విచ్ అరిగిపోయో, లోపల దుమ్ము చేరో వణుకు అంతకంటే ఎక్కువసేపు సాగిందంటే, మీరు ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడతాయి. ఈ జబ్బుని చాటరింగ్ అంటారు. మామూలు టెస్టులో ఇది దొరకదు, దీనికి వేరే పద్ధతి ఉంది, కింద చెప్తాను.

మొదటి అడుగు: సెట్టింగుల అనుమానాలు తీర్చుకోండి

టెస్టర్, అంటే నొక్కిన కీని తెర మీద చూపించే సాధనం, తెరిచే ముందే ఇవి చూసుకోండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

ల్యాప్‌టాప్‌లో అక్షరాలకి బదులు అంకెలు పడుతున్నాయా? జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3, యు, ఐ, ఓ నొక్కితే 4, 5, 6 వస్తున్నాయంటే నమ్ లాక్ ఆన్‌లో ఉంది. విడిగా నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లలో ఆ అక్షరాలనే నంబర్ ప్యాడ్‌గా వాడతారు. నమ్ లాక్ ఒకసారి, అది కుదరకపోతే ఎఫ్ఎన్ పట్టుకుని నమ్ లాక్ నొక్కితే సరిపోతుంది.

షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే ఈమెయిల్ అడ్రసులో వాడే గుర్తుకి బదులు డబుల్ కొటేషన్ పడుతోందంటే బ్రిటిష్ లేఅవుట్‌లోకి వెళ్ళిపోయారు. ఇంగ్లీషు కొడుతుంటే తెలుగు అక్షరాలొచ్చినా ఇదే సంగతి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది, ఒక్కోసారి చెయ్యి తగిలి మారిపోయి మనకి తెలియను కూడా తెలియదు.

తర్వాత ఫిల్టర్ కీస్. విండోస్‌లో కుడి షిఫ్ట్‌ని 8 సెకన్లు పట్టుకుంటే ఇది ఆన్ చెయ్యమంటారా అని అడుగుతుంది, ఏదో ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు పెట్టి కూర్చుని, వచ్చిన బాక్సుకి యెస్ కొట్టేశారంటే అంతే సంగతులు. అప్పట్నుంచీ చిన్నగా తాకిన నొక్కుళ్ళని సిస్టమ్ వదిలేస్తుంది, కీబోర్డు మొత్తం మొద్దుబారినట్టు అనిపిస్తుంది. షిఫ్ట్ వరసగా 5 సార్లు నొక్కితే స్టిక్కీ కీస్ ఇలాగే వస్తుంది, అది ఆన్ అయితే షిఫ్ట్, కంట్రోల్ ఎవరో పట్టుకుని కూర్చున్నట్టు ప్రవర్తిస్తాయి. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద కీబోర్డ్‌లో ఉంటాయి, ఆఫ్ చెయ్యండి. మ్యాక్‌లో వీటి సాటివి స్లో కీస్, స్టిక్కీ కీస్, అవీ యాక్సెసిబిలిటీలోనే.

విండోస్ కీ ఒక్కటే పనిచెయ్యకపోతే, అది గేమింగ్ కీబోర్డైతే, ముందు గేమ్ మోడ్ లాక్ చూడండి. ఆట మధ్యలో పొరపాటున స్టార్ట్ మెనూ తెరుచుకోకుండా ఆ కీని ఆపేసే ఏర్పాటు చాలా మోడళ్ళలో ఉంటుంది. కీలు మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా, పవర్‌టాయ్స్ గానీ ఆటోహాట్‌కీ గానీ మ్యాక్‌లో కారబైనర్ గానీ, వేసి ఉంటే టెస్ట్ అయ్యేదాకా మూసెయ్యండి. ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయిన మార్పే కారణమైన సందర్భాలు తక్కువేం కాదు.

రెండో అడుగు: కనెక్షన్

క్యాప్స్ లాక్ నొక్కి లైటు చూడండి. ఇది చిన్నదే కానీ నాకు బాగా నచ్చిన టెస్టు, ఎందుకంటే మామూలుగా ఆ లైటుని వెలిగించేది కీబోర్డు కాదు, కంప్యూటర్. కీ నొక్కిన కబురు అటు వెళ్ళి, లైటు వెయ్యమనే ఆజ్ఞ ఇటు తిరిగొస్తేనే అది వెలుగుతుంది. కాబట్టి లైటు ఆరుతూ వెలుగుతూ ఉందంటే రెండు వైపులా దారి బాగున్నట్టు. కీబోర్డుకి కరెంటు ఉండి, లైటు మాత్రం ఎంత నొక్కినా మారకపోతే ఒకటి కనెక్షన్ పోయి ఉండాలి, లేదా కంప్యూటరే హ్యాంగ్ అయి ఉండాలి.

యూఎస్‌బీ కీబోర్డైతే హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టండి, ఇంకో పోర్టు కూడా మార్చి చూడండి. వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీ. బ్యాటరీ నీరసపడితే అక్షరాలు మింగెయ్యడం మాత్రమే కాదు, కీ వదిలిన కబురు అందక ఒకే అక్షరం బారెడు పొడుగున పడుతుంది కూడా. ఇంకో చిక్కుంది. రిసీవర్‌ని యూఎస్‌బీ 3 పోర్టులో, పక్కనే హార్డ్ డిస్క్ లాంటిది పెట్టి వాడుతుంటే, యూఎస్‌బీ 3 పుట్టించే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడుతుంది, వైర్‌లెస్ కీబోర్డులు పనిచేసేదీ ఆ బ్యాండ్‌లోనే. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని కాస్త దూరం జరిపితే బాగుపడుతుంది. నొక్కిన కీలు ఒక్కో రోజు పడుతూ ఒక్కో రోజు పడకుండా ఉంటే ఈ అనుమానం ముందు తీర్చుకోవాలి.

మూడో అడుగు: దేనితో చూడాలి

విండోస్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డ్ ఉంది, కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. ఆ మూడింట్లో ఒకటే పోయిన కీ అయితే స్టార్ట్ మెనూలో మౌస్‌తో యాక్సెసిబిలిటీ కింద వెతకండి. మీరు చేత్తో నొక్కిన కీ బొమ్మలో కూడా వెలుగుతుంది. సింపుల్ పని, త్వరగా చూసుకోడానికి ఇది చాలు.

మ్యాక్‌లో కీబోర్డ్ వ్యూయర్ ఉంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌కి వెళ్ళి, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర మెనూ బార్‌లో ఇన్‌పుట్ మెనూ కనపడేలా టిక్ పెడితే, పైన వచ్చే ఆ చిన్న మెనూ నుంచి దాన్ని తెరవచ్చు.

లినక్స్ వాడేవాళ్ళకి అన్నిటికంటే మంచి సాధనం ఈవీటెస్ట్. కమాండ్ ఇచ్చి, లిస్టులో మీ కీబోర్డు ఎంచుకుంటే, ప్రతి కదలికనీ చూపిస్తుంది. వేల్యూ 1 అంటే కీ నొక్కారు, 0 అంటే వదిలారు, 2 అంటే పట్టుకునే ఉన్నారు. నొక్కడం, వదలడం ఇంత విడివిడిగా చూపించడమే దీని గొప్ప.

ఇవేవీ వద్దనుకుంటే బ్రౌజర్‌లో నడిచే కీబోర్డ్ టెస్టర్లు బోలెడున్నాయి. మంచి టెస్టర్ ఏదో తెలుసుకోడానికి ఒక గుర్తు చెప్తాను: ఎడమ షిఫ్ట్‌నీ కుడి షిఫ్ట్‌నీ వేరువేరుగా చూపించాలి, మామూలు ఎంటర్‌నీ నంబర్ ప్యాడ్ ఎంటర్‌నీ వేరువేరుగా చూపించాలి, కీ వదిలినప్పుడు కూడా రంగు మారాలి. ఈ మూడూ లేనిది వాడి ఉపయోగం లేదు. అలాగే టెస్టర్ పేజీలో అలవాటు కొద్దీ పాస్‌వర్డ్ కొట్టి చూసుకోకండి, ఆ పేజీ ఏం దాచుకుంటుందో మనకి తెలియదు. టెన్షన్‌గా ఉంటే పేజీ లోడ్ అయ్యాక ఇంటర్నెట్ ఆపేసి చూడండి, టెస్టర్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది.

నాలుగో అడుగు: అసలు టెస్టు

వరస తప్పకుండా వెళ్ళండి. ఎస్కేప్ దగ్గర మొదలుపెట్టి పై వరస, అంకెల వరస, కిందికి ఒక్కో వరస, తర్వాత బాణాల గుంపు, చివర్లో నంబర్ ప్యాడ్. ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చే ఆ నక్క, కుక్క వాక్యం కొట్టి "అన్నీ బాగున్నాయి" అని తేల్చేసేవాళ్ళున్నారు. అందులో 26 అక్షరాలు వస్తాయి నిజమే, మిగతా 78 కీల సంగతేంటి?

ప్రతి కీ దగ్గరా మూడు పనులు చెయ్యాలి. మామూలుగా ఒకసారి నొక్కి వదలండి, వెలిగి ఆరాలి. తర్వాత ఒకట్రెండు సెకన్లు పట్టుకోండి, మధ్యలో ఆరిపోకూడదు, ఆరిపోయి మళ్ళీ వెలిగిందంటే కాంటాక్టు నిలకడగా లేదు. ఆ తర్వాత మధ్యలో కాకుండా కీ అంచుల మీద నెమ్మదిగా నొక్కండి. మధ్యలో గట్టిగా కొడితే చావుబతుకుల్లో ఉన్న కీ కూడా పలుకుతుంది, అంచు మీద మెల్లగా నొక్కితేనే దాని బండారం బయటపడేది. ముఖ్యంగా స్పేస్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, షిఫ్ట్ లాంటి వెడల్పు కీలని ఎడమ కొసన, మధ్యలో, కుడి కొసన మూడు చోట్లా నొక్కి చూడాలి. వీటి కింద కీని సమంగా దించే కమ్మీ ఉంటుంది, దాన్ని స్టెబిలైజర్ అంటారు, అది ఒక పక్క ఊడితే స్పేస్ ఒక బొటనవేలికి పనిచేసి రెండోదానికి పనిచెయ్యదు.

కీ వదిలాక కూడా వెలుగుతూనే ఉందా అన్నది చాలామంది చూడరు. అసలు నొక్కకుండానే ఏదైనా కీ వెలుగుతోందేమో, టెస్టర్ తెరిచి చేతులు తీసేసి కాసేపు ఊరికే చూడండి. కంట్రోల్ లాంటిది ఇరుక్కుపోయి ఉంటే లక్షణాలు చిత్రంగా ఉంటాయి: ఎస్ కొడితే సేవ్ బాక్సు తెరుచుకుంటుంది, మౌస్ చక్రం తిప్పితే పేజీ పెద్దదీ చిన్నదీ అవుతుంది, ఎవరైనా వైరస్ అనే అనుకుంటారు.

ఇప్పుడు చాటరింగ్. నోట్‌ప్యాడ్ తెరవండి. వర్డ్ లాంటివి వద్దు, వాటి ఆటో కరెక్ట్ మధ్యలో వేలు పెడుతుంది. విండోస్ 11 కొత్త నోట్‌ప్యాడ్‌లోనూ ఆటో కరెక్ట్ ఉంది, దాని సెట్టింగ్స్‌లో ఆపేసుకోండి. ప్రతి అక్షరాన్నీ ఒక్కో లైనులో పదేసి సార్లు, మనసులో లెక్కపెట్టుకుంటూ, విడివిడిగా కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో మామూలుగా ఉండే ఫాంట్‌లో అన్ని అక్షరాలకీ ఒకే వెడల్పు కాబట్టి లైన్లన్నీ ఒకే పొడుగులో రావాలి. ఏదైనా లైను బయటికి పొడుచుకొస్తే ఆ కీ రెండేసి కొడుతోంది, లోపలికి తగ్గితే మింగేస్తోంది. లెక్కపెట్టి చూడక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. ఇది కాస్త విసుగు పనే, కానీ అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే కీని పట్టుకోడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

టెస్టర్‌లో వెలగకపోయినా కంగారు పడక్కర్లేనివి

ఎఫ్ఎన్ కీ మామూలుగా వెలగదు. అది చాలా కీబోర్డుల్లో లోపలే పనిచేసుకుంటుంది, కంప్యూటర్‌కి కబురే పంపదు. దాన్ని చెక్ చెయ్యాలంటే ఎఫ్ఎన్ పట్టుకుని వాల్యూమ్ కీయో బ్రైట్‌నెస్ కీయో నొక్కి చూడాలి. ప్రింట్ స్క్రీన్ కొన్ని టెస్టర్లలో కనిపించదు, విండోస్ దాన్ని ముందే లాగేసుకుంటుంది. నొక్కితే స్క్రీన్‌షాట్ తీసే టూల్ తెరుచుకుంటే, లేదా నొక్కి పెయింట్‌లో పేస్ట్ కొడితే బొమ్మ వస్తే, అది పనిచేస్తున్నట్టే. విండోస్ కీతో స్టార్ట్ మెనూ రావాలి. పాజ్ కీని విండోస్ కీతో కలిపి నొక్కండి, సిస్టమ్ వివరాల పేజీ తెరుచుకుంటుంది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కుడి ఆల్ట్ నొక్కితే ఎడమ కంట్రోల్ కూడా వెలుగుతోందా? కొన్ని లేఅవుట్లలో కుడి ఆల్ట్‌ని ఆల్ట్‌జీఆర్ అంటారు, విండోస్ దాన్ని కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టు చూస్తుంది. లోపమేం కాదు. ఇక బ్రౌజర్‌లో ఎఫ్5 నొక్కితే పేజీ రిఫ్రెష్ అయ్యి అప్పటిదాకా చేసిందంతా పోవచ్చు, కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ నొక్కితే టాబే మూసుకుంటుంది. ఎఫ్5ని చివర్లో ఉంచండి, కంట్రోల్, ఆల్ట్‌లని ఒంటరిగానే నొక్కండి.

ఐదో అడుగు: కలిపి నొక్కడం

ఆటలు ఆడేవాళ్ళకి, చాలా వేగంగా టైప్ చేసేవాళ్ళకి ఇది ముఖ్యం. రెండు షిఫ్ట్‌లూ ఒకేసారి పట్టుకుని, మిగతా వేళ్ళతో ఎ నుంచి జెడ్ దాకా కొట్టి చూడండి. కొన్ని అక్షరాలు అస్సలు పడకపోవచ్చు. పడకపోతే ఆ కీలు పాడైనట్టు కాదు. గీతల అమరిక గుర్తుందిగా, మూడు కీలు ఒక దీర్ఘచతురస్రం మూడు మూలల్లో పడితే, నాలుగో మూల కీ కూడా నొక్కినట్టే కంట్రోలర్‌కి కనిపిస్తుంది, ఏది నిజమో దానికి తేలదు. దీన్ని ఘోస్టింగ్ అంటారు. తప్పు అక్షరం వెయ్యడం కంటే వెయ్యకపోవడమే నయమని మామూలు కీబోర్డులు ఆ మూడో కీని వదిలేస్తాయి. ఖరీదైన కీబోర్డుల్లో ప్రతి కీకీ ఒక డయోడ్, అంటే కరెంటుని ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగం, పెట్టి ఈ గందరగోళం లేకుండా చేస్తారు.

ఇంకో హద్దు యూఎస్‌బీ వల్ల వస్తుంది. యూఎస్‌బీ కీబోర్డు పంపే మామూలు రిపోర్టు 8 బైట్లు. ఒక బైటు షిఫ్ట్, కంట్రోల్ లాంటి 8 మాడిఫయర్లకి, ఒకటి ఖాళీ, మిగతా 6 బైట్లలో ఆరు కీలు. అందుకే చాలా కీబోర్డుల్లో ఏడో కీ నొక్కినా లెక్కలోకి రాదు. ఎన్ని కీలు కలిపి నొక్కినా పట్టుకునే వాటిని ఎన్-కీ రోలోవర్ అంటారు. పెట్టె మీద ఆ మాట రాసి ఉంటే రెండు అరచేతులూ పరిచి నొక్కి చూడండి, టెస్టర్ అంతా వెలగాలి. వెలగకపోతే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో, ఎఫ్ఎన్‌తో ఏదో కీ కలిపి నొక్కితేనో ఆ మోడ్ ఆన్ చెయ్యాల్సి రావచ్చు. ఆటల కోసమైతే మీరు నిజంగా కలిపి నొక్కే కీలనే చూసుకోండి, డబ్ల్యూ, ఎ, షిఫ్ట్, స్పేస్ కలిపి, లేదా రెండు బాణాలు, స్పేస్ కలిపి. మిగతా కాంబినేషన్లు ఎలా ఉంటే మనకెందుకు.

ఆరో అడుగు: ఫలితం చదవడం

పనిచెయ్యని కీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, ఆ లిస్టే రోగం ఏంటో చెప్తుంది.

ఒక్క కీ మాత్రమే పోయిందంటే ఆ కీ కింద చెత్తో, ఆ స్విచ్చో. డ్రైవర్ మళ్ళీ వేసుకో అని ఎవరు చెప్పినా వినకండి, మిగతా కీలన్నీ పనిచేస్తూ ఒక్క అక్షరానికి మాత్రం డ్రైవర్ పాడవడం అనేది జరగదు. ఆ ఒక్క కీని ఎవరైనా సాఫ్ట్‌వేర్‌లో మార్చి ఉండొచ్చు, అది వేరే సంగతి, దాన్ని మొదటి అడుగులోనే చూసేశారు.

నాలుగైదు కీలు ఒకేసారి పోయాయంటే ఒక గీత తెగింది. కళ్ళకి అవి ఒకే వరసలో ఉండాలని లేదు, లోపలి గీతలు తయారీదారు ఇష్టం వచ్చినట్టు వంకరటింకరగా వెళ్తాయి కాబట్టి పోయిన కీలు అక్కడొకటి ఇక్కడొకటిగా కనిపించొచ్చు. గుర్తు ఏంటంటే అవన్నీ ఒకే రోజు, ఒకేసారి పోయి ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో అయితే కీబోర్డు నుంచి మదర్‌బోర్డుకి వెళ్ళే పల్చటి రిబ్బన్ కేబుల్ వదులైనా ఇలాగే అవుతుంది, కింద పడ్డాకో సర్వీసుకి విప్పాకో మొదలైతే ముందు దాన్నే అనుమానించాలి. మెంబ్రేన్ కీబోర్డుల్లో ప్లాస్టిక్ షీట్ల మీద ముద్రించిన గీతలుంటాయి, ద్రవం ఏదైనా పడితే అవి మెల్లగా తినేసుకుపోతాయి. అందుకే ఒలికిన రోజు బాగానే ఉండి తర్వాతెప్పుడో ఒక్కొక్కటిగా పోవడం మొదలవుతుంది.

ఒక కీ నొక్కితే రెండు మూడు వేరువేరు అక్షరాలు పడుతుంటే గీతలు ఒకదానికొకటి అంటుకున్నాయి, దాదాపుగా తడే కారణం. కీబోర్డు మొత్తం పోతే కనెక్షనో, పోర్టో, కంట్రోలరో. డివైస్ మేనేజర్‌లో కీబోర్డుని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యడం లాంటి చిట్కాలకి ఏదైనా విలువుంటే ఇక్కడే. ముందు మౌస్ పనిచేస్తోందో లేదో చూసుకుని మరీ చెయ్యండి.

ల్యాప్‌టాప్ కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టుందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? అయితే ఈ టెస్టులన్నీ పక్కన పెట్టండి. కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, అది ప్రమాదం. ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, నొక్కి సరిచేసే ప్రయత్నం చెయ్యకుండా సర్వీసుకి ఇచ్చెయ్యండి.

ఏడో అడుగు: హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా, చివరి తీర్పు

యూఎస్‌బీ కీబోర్డైతే ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. ఇంకో కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది కదా, ఓటీజీ అడాప్టర్‌తో పెడితే చాలా ఫోన్లు కీబోర్డుని వెంటనే గుర్తుపడతాయి, నోట్స్ యాప్‌లో టైప్ చేసి చూసుకోవచ్చు. అక్కడా అదే కీ పడకపోతే తీర్పు వచ్చేసినట్టే, తప్పు కీబోర్డుదే. అక్కడ పడి ఇక్కడ పడకపోతే మీ కంప్యూటర్ సెట్టింగుల్లో ఏదో మిగిలిపోయింది, మొదటి అడుగుకి వెళ్ళండి.

ల్యాప్‌టాప్ కీబోర్డుని విప్పి ఇంకోదానికి పెట్టలేం కాబట్టి తిరగేసి చెయ్యాలి, బయటి కీబోర్డు ఒకటి దానికి పెట్టండి. బయటిది శుభ్రంగా పనిచేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ తప్పు లేదన్నమాట. ఇంకో దారి బయోస్. కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్2, డిలీట్ లాంటి కీతో అందులోకి వెళ్తే అక్కడ విండోస్ లేదు, దాని సెట్టింగులూ లేవు. బాణాలు, ఎంటర్, ఎస్కేప్ అక్కడ కదులుతున్నాయో లేదో చూడొచ్చు, ఎక్కడైనా టైప్ చేసే చోటు ఉంటే అక్షరాలు కూడా. సేవ్ చెయ్యకుండా బయటికి రండి. బ్లూటూత్ కీబోర్డులు మామూలుగా ఇక్కడ పనిచెయ్యవు, దాన్ని లోపంగా తీసుకోకండి.

శుభ్రం చేసి మళ్ళీ చూడటం

ఒక్క కీ మొరాయిస్తుంటే మార్చే ముందు ఒకసారి శుభ్రం చెయ్యాలి. యూఎస్‌బీ తీసెయ్యండి, ల్యాప్‌టాప్ అయితే పూర్తిగా షట్‌డౌన్. కీబోర్డుని బోర్లించి మెల్లగా తట్టండి, తర్వాత గాలి డబ్బాతో ఊదండి. మ్యాక్‌బుక్ కీబోర్డులకి ఆపిల్ చెప్పే పద్ధతి ల్యాప్‌టాప్‌ని 75 డిగ్రీల వాలులో పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఊదడం, మిగతా ల్యాప్‌టాప్‌లకీ అది పనికొస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ వంకరపోతుంది.

జిగట ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం పైన ఉన్నది, ఇయర్‌బడ్‌కి అద్ది తుడవండి. నేరుగా పొయ్యకండి. మెకానికల్ కీబోర్డులో కీ మీది క్యాప్ తీసి స్విచ్‌కి ఆల్కహాల్ కాస్త రాసి చాలాసార్లు నొక్కితే అప్పుడప్పుడు చాటరింగ్ కూడా తగ్గుతుంది. క్యాప్‌లు పీకే ముందు ఫోటో తీసుకోండి, లేకపోతే తర్వాత ఏది ఎక్కడో వెతుక్కోవాలి. ల్యాప్‌టాప్ క్యాప్‌ల కింద కత్తెరలాంటి సన్నటి ప్లాస్టిక్ కొక్కేలుంటాయి, స్క్రూడ్రైవర్‌తో లేపితే పుటుక్కున విరుగుతాయి, తీయడం అలవాటు లేకపోతే వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఏదైనా ఒలికిన వెంటనే చెయ్యాల్సింది టెస్ట్ కాదు. కరెంటు తీసేసి బోర్లించి పెట్టండి. పూర్తిగా ఆరకముందే "పనిచేస్తోందా" అని ఆన్ చేస్తేనే చాలా బోర్డులు చచ్చేది.

హాట్‌స్వాప్ మెకానికల్ కీబోర్డు, అంటే టంకం పని లేకుండా స్విచ్ పీకి మార్చుకోగలిగేది, ఉన్నవాళ్ళ అదృష్టమే వేరు. స్విచ్ పీకేసి, ఆ సాకెట్‌లో రెండు కాంటాక్టుల్నీ చిన్న ట్వీజర్‌తో కలపండి. టెస్టర్‌లో కీ వెలిగిందా, పోయింది స్విచ్, పెద్దగా పనిలేని ఇంకో కీ స్విచ్ తెచ్చి పెట్టేసుకోండి. వెలగలేదా, సాకెట్టో బోర్డో. క్యూఎంకే ఫర్మ్‌వేర్ అయితే చాటరింగ్‌కి డీబౌన్స్ సమయం కొంచెం పెంచి చూడొచ్చు. ఏ కీబోర్డుకైనా విండోస్ ఫిల్టర్ కీస్‌లోనే బౌన్స్ కీస్ అని ఒకటుంది, వెంటవెంటనే పడ్డ రెండో నొక్కుని వదిలేస్తుంది, కాకపోతే సమయం ఎక్కువ పెడితే నిజంగా రెండు అక్షరాలు కావాల్సిన చోట మీరే ఆగి కొట్టాల్సొస్తుంది.

మార్చేదాకా పని నడవాలంటే

పోయిన కీ పనిని మీరు ఎప్పుడూ వాడని కీకి అప్పగించండి. విండోస్‌లో పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్, మ్యాక్‌లో కారబైనర్ ఎలిమెంట్స్ ఈ పని చేస్తాయి, స్క్రోల్ లాకో కుడి కంట్రోలో బలి ఇస్తే సరి. ఒక మెలిక ఉంది. పవర్‌టాయ్స్ మార్పు లాగిన్ స్క్రీన్‌లో పనిచెయ్యదు, కాబట్టి పోయిన అక్షరం మీ పాస్‌వర్డ్‌లో ఉంటే లోపలికే వెళ్ళలేరు. అప్పుడు లాగిన్ స్క్రీన్ కింద మూలలో ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి, ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరిచి మౌస్‌తో కొట్టండి. రోజూ అలా కుదరదనుకుంటే షార్ప్‌కీస్ లాంటి టూల్‌తో మార్పుని రిజిస్ట్రీలోనే రాయించి రీస్టార్ట్ చెయ్యండి, అది లాగిన్ స్క్రీన్‌లో కూడా పనిచేస్తుంది. కొత్త కీబోర్డు పెట్టిన రోజు దాన్ని తీసెయ్యడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే కొత్తదాంట్లో స్క్రోల్ లాక్ పనిచెయ్యట్లేదని మళ్ళీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాలి.